అల్జీరియా: ఫ్రెంచి సెటిలర్ల సమాజం, స్వాతంత్ర్య పోరాటం – తరచుగా అడిగే ప్రశ్నలు

సివిల్స్‌కి చదివే పిల్లలకు ప్రపంచ చరిత్ర చెబుతుంటాను. అల్జీరియా పాఠం వచ్చిన ప్రతిసారీ దాదాపు ఇవే సందేహాలు వస్తాయి. క్లాసులో ఒకసారి అడుగుతారు, ఫోన్ చేసి ఇంకోసారి అడుగుతారు, పరీక్ష ముందు రోజు టెన్షన్‌లో మళ్లీ అడుగుతారు. తప్పు వాళ్లది కాదు. మన పుస్తకాల్లో ఈ పోరాటానికి దక్కేది ఒక పేరా, మహా అయితే రెండు. 132 ఏళ్ల పరాయి పాలన, ఏడున్నరేళ్ల యుద్ధం అందులో ఎలా పడతాయి? అందుకని ప్రశ్నల్ని వాళ్ల మాటల్లోనే ఉంచి, ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకునేలా రాశాను.

## 1830 నుంచి: ఆక్రమణ

సెటిలర్లంటే ఎవరు సార్? హైదరాబాద్‌లో మనం అనే సెటిలర్లలాంటివాళ్లేనా?

కాదు. మన దగ్గర ఎన్నికలప్పుడు వినిపించే ఆ మాట ఒకే దేశంలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లి స్థిరపడ్డవాళ్ల గురించి. చట్టం ముందు అందరూ సమానమే, అందరిదీ ఒకే ఓటు. అల్జీరియాలో సెటిలర్లంటే సైన్యం వెనకాల వచ్చి, స్థానికుల భూమి తీసుకుని, స్థానికులకు లేని హక్కులతో బతికినవాళ్లు. బ్రిటిష్ ఇండియాతో పోల్చినా సరిపోదు. ఇక్కడికి వచ్చిన తెల్ల అధికారి ఉద్యోగం చేసి, పెన్షన్ తీసుకుని, ఇంటికి పోయేవాడు. అల్జీరియా సెటిలర్ అక్కడే పుట్టాడు, అక్కడే పెళ్లి చేసుకున్నాడు, తాతముత్తాతల్ని అక్కడే పాతిపెట్టాడు. వాళ్లనే తర్వాత ‘పియే నువార్’లు అన్నారు. నల్ల పాదాలవాళ్లు అని ఆ మాటకు అర్థం. 1954 నాటికి సుమారు 90 లక్షలమంది ముస్లింల మధ్య వాళ్లు దాదాపు 10 లక్షలమంది.

ఫ్రాన్స్ అసలు అక్కడికి ఎందుకు వెళ్లింది? విసనకర్ర కథ నిజమేనా?

సంఘటన నిజం. 1827లో అల్జీర్స్ పాలకుడు హుస్సేన్ దే, ఫ్రెంచి కాన్సుల్ దెవాల్‌ని చేతిలో ఉన్న ఈగలు తోలే విసనకర్రతో కొట్టాడు. కాన్సుల్ అంటే అక్కడున్న ఫ్రాన్స్ ప్రతినిధి. గొడవ ధాన్యం బాకీ గురించి. 1790లలో ఫ్రాన్స్ కొన్న గోధుమల డబ్బు ముప్పై ఏళ్లయినా సరిగా తీరలేదు. అడిగితే కాన్సుల్ తలబిరుసుగా జవాబిచ్చాడు.

కానీ విసనకర్ర దెబ్బకు మూడేళ్ల తర్వాత ఎవరూ సైన్యం పంపరు. పదో చార్లెస్ రాజుకు సొంత దేశంలో పరువు పోతోంది, బయట ఒక విజయం కావాలి. 1830 జూన్ 14న సైన్యం సిదీ ఫెర్రుష్ దగ్గర దిగింది, జులై 5న అల్జీర్స్ లొంగింది. అదే నెలాఖరుకు పారిస్‌లో తిరుగుబాటు వచ్చి ఆ రాజు గద్దె దిగాడు. ఆక్రమణ మాత్రం ఆగలేదు.

అల్జీరియన్లు ఎదురు తిరగలేదా?

ముప్పై నలభై ఏళ్లపాటు ఆగకుండా తిరగబడ్డారు. పశ్చిమాన అమీర్ అబ్దెల్ కాదర్ 1832 నుంచి 1847 దాకా పోరాడాడు. సొంత సైన్యం, సొంత నాణేలు, సొంత పాలన నడిపాడు. ఆయన్ని లొంగదీయడానికి జనరల్ బుజో పొలాలు తగలబెట్టించాడు, గాదెలు దోపించాడు, పశువుల్ని తోలించుకుపోయాడు. 1845లో దహ్రా కొండల్లో ఒక తెగవాళ్లు ఆడవాళ్లతో, పిల్లలతో గుహలో దాక్కుంటే, కర్నల్ పెలిసియే గుహ వాకిట మంటలు పెట్టించాడు. వందలమంది పొగకు ఊపిరాడక చనిపోయారు. ఇది నేను చదివింది ముప్పై ఏళ్ల క్రితం. ఇప్పటికీ క్లాసులో చెప్పేటప్పుడు గొంతు పట్టేస్తుంది.

1871లో కబీలియా ప్రాంతంలో మొక్రానీ నాయకత్వాన మళ్లీ పెద్ద తిరుగుబాటు వచ్చింది. అణచివేశాక శిక్షగా లక్షల హెక్టార్ల భూమి జప్తు చేశారు.

భూమి అంతా బలవంతంగానే లాక్కున్నారా? కొనలేదా?

రెండూ జరిగాయి. కాకపోతే కొనడం కూడా చట్టం సాయంతో లాక్కోవడమే. అక్కడ చాలా భూమి తెగలది, కుటుంబాలది. ఉమ్మడిగా సాగుచేసేవాళ్లు తప్ప ఒక్కడి పేరున పట్టా ఉండేది కాదు. 1873 నాటి వార్నియే చట్టం ఆ భూముల్ని ఫ్రెంచి ఆస్తి చట్టం కిందికి తెచ్చింది. ఉమ్మడి పొలంలో ఒక్క వాటాదారు తన వాటా అమ్మితే, కొన్నవాడు కోర్టుకెక్కి పొలం మొత్తాన్ని వేలానికి తెచ్చేవాడు. కోర్టు ఖర్చులకే మిగతావాళ్ల వాటా కరిగిపోయేది. 1954 నాటికి సుమారు 22 వేల యూరోపియన్ కమతాల కింద 27 లక్షల హెక్టార్లు ఉన్నాయి. అవి కూడా ఎక్కువగా నీళ్లున్న తీర మైదానాలే. రైతు కొండవాలుకో, పట్నం మురికివాడకో, ఫ్రాన్స్ ఫ్యాక్టరీకో పోవాల్సి వచ్చింది.

## సెటిలర్ల సమాజం

సెటిలర్లంతా ఫ్రాన్స్ నుంచి వచ్చినవాళ్లేనా?

సగం మాత్రమే. ఒరాన్ వైపు స్పెయిన్ కూలీలు, తూర్పున ఇటలీ, మాల్టా వాళ్లు ఎక్కువ. 1871లో జర్మనీ అల్సాస్, లొరైన్ ప్రాంతాల్ని పట్టుకున్నాక అక్కడినుంచి కొందరు వచ్చారు. 1889లో తెచ్చిన జాతీయత చట్టంతో అల్జీరియాలో పుట్టిన యూరోపియన్ల పిల్లలు తమంతట తాము వద్దనకపోతే ఫ్రెంచి పౌరులే. అంటే స్పెయిన్ నుంచి నిన్న వచ్చిన కూలీ కొడుకు పౌరుడు. వెయ్యేళ్లుగా అక్కడే ఉన్న రైతు కొడుకు కాడు. పిల్లలు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే మిగతా కథ సగం అర్థమవుతుంది.

వాళ్లంతా పెద్ద పెద్ద ఎస్టేట్ల యజమానులా?

అదే అందరూ పొరబడేది. ఎస్టేట్ల దొరలు కొన్ని వేలమందే. భూమిలో అత్యధిక భాగం వాళ్లదే, పత్రికలూ పలుకుబడీ వాళ్లవే. కానీ సెటిలర్లలో ఐదింట నలుగురు పట్నవాసులు. అల్జీర్స్‌లోని బాబ్ ఎల్ ఊయెద్ పేటకు వెళితే కనిపించేది మెకానిక్కులు, ట్రామ్ డ్రైవర్లు, పోస్టాఫీసు గుమాస్తాలు, చిన్న దుకాణదారులు. వాళ్లలో చాలామంది ఆదాయం ఫ్రాన్స్‌లో ఉన్న అలాంటివాళ్ల కంటే తక్కువ.

మరి వాళ్లెందుకు సమానత్వానికి అడ్డుపడ్డారు? నా అభిప్రాయం ఇది: పేద సెటిలర్‌కి భూమి లేదు, డబ్బు లేదు, ఉన్నదల్లా పక్కింటి అరబ్బు కంటే ఒక మెట్టు పైన ఉన్నానన్న భరోసా. గుమాస్తా ఉద్యోగం, స్కూల్లో సీటు, ఓటు ఆ మెట్టు మీదే ఆధారపడ్డాయి. అందుకే సంస్కరణ అన్న మాట వినపడితే దొర కంటే ముందు గుమాస్తాయే వీధిలోకి వచ్చాడు.

అల్జీరియా ఫ్రాన్స్‌లో భాగమే అన్నారు కదా, మరి అక్కడివాళ్లు ఫ్రెంచి పౌరులు కారా?

1848లో అల్జీర్స్, ఒరాన్, కాన్‌స్టాంటిన్ అని మూడు జిల్లాలు చేసి, ఇది కాలనీ కాదు, ఫ్రాన్సే అని ప్రకటించారు. నేల ఫ్రాన్స్ అయింది కానీ మనుషులు కాలేదు. 1865 చట్టం ప్రకారం ముస్లిం ఫ్రెంచి ‘ప్రజ’ మాత్రమే, పౌరుడు కాదు. పౌరసత్వం కావాలంటే పెళ్లి, వారసత్వం లాంటి విషయాల్లో ఇస్లామిక్ చట్టాన్ని వదులుకుంటానని రాసివ్వాలి. అది మతం వదలడంతో సమానమని జనం భావించారు. దశాబ్దాలు గడిచినా అలా పౌరులైనవాళ్లు కొన్ని వేలమందే. 1870 నాటి క్రెమియూ ఉత్తర్వుతో అక్కడి యూదులు సుమారు 35 వేలమందికి ఒక్కసారిగా పౌరసత్వం ఇచ్చారు. ముస్లింలకు ఇవ్వలేదు.

దానికి తోడు 1881 నుంచి ‘ఆందిజెనా’ అనే స్థానికుల శిక్షాస్మృతి. అనుమతి కాగితం లేకుండా ఊరు దాటితే జరిమానా. అధికారితో మర్యాదగా మాట్లాడకపోతే జైలు. ఊళ్లో ఒకడు తప్పు చేస్తే ఊరందరికీ శిక్ష. కోర్టు అక్కర్లేదు, అధికారి నోటిమాట చాలు. 1944 దాకా ఏదో ఒక రూపంలో ఇది నడిచింది.

ముస్లింలు మద్యం తాగరు కదా, అక్కడ అన్ని ద్రాక్షతోటలు ఎందుకు?

తోటలు వాళ్లకోసం కాదు కాబట్టి. 1870, 80లలో ఫిలాక్సెరా అనే పురుగు పట్టి ఫ్రాన్స్ ద్రాక్షతోటలు నాశనమయ్యాయి. ఆ లోటు తీర్చడానికి అల్జీరియాలో గోధుమ నేలల్ని ద్రాక్షకు మార్చారు. 1930ల నాటికి తోటలు 4 లక్షల హెక్టార్ల దాకా విస్తరించాయి, ప్రపంచంలోనే అతిపెద్ద వైన్ ఎగుమతిదారు అల్జీరియా అయింది. గోధుమ పండే నేల తగ్గింది, తినే నోళ్లు పెరిగాయి. కోతల కాలంలో ఆ తోటల్లో కూలికి వెళ్లింది ఒకప్పటి ఆ భూముల రైతుల మనవలే.

## తుపాకీకి ముందు

శాంతియుతంగా అడగలేదా? నేరుగా తుపాకులే ఎందుకు పట్టారు?

నలభై ఏళ్లు అడిగారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 1,70,000 మంది అల్జీరియన్ ముస్లింలు ఫ్రాన్స్ కోసం పోరాడారు. పాతిక వేలమంది చనిపోయారు. తిరిగొచ్చినవాళ్లు సమాన హక్కులు అడిగారు. 1926లో పారిస్‌లో వలస కార్మికుల మధ్య మెస్సాలీ హాజ్ నాయకత్వంలో ‘ఉత్తర ఆఫ్రికా తార’ సంఘం పుట్టింది. స్వాతంత్ర్యం అన్న మాట సూటిగా పలికింది వాళ్లే. 1931లో బెన్ బాదిస్ ఉలేమాల (ఇస్లాం మత పండితుల) సంఘం పెట్టి అరబిక్ బడులు నడిపాడు. ఫార్మసిస్టు ఫెర్హత్ అబ్బాస్ అయితే మొదట్లో స్వాతంత్ర్యం కూడా అడగలేదు, ఫ్రాన్స్‌లోనే సమానంగా చూడమన్నాడు.

1936లో ప్రధాని బ్లూమ్, మాజీ గవర్నర్ వియొలెత్ కలిసి ఒక బిల్లు తెచ్చారు. చదువుకున్నవాళ్లు, పతకాలు పొందిన సైనికులు, అలా ఇరవై వేల పైచిలుకు ముస్లింలకు మతం చట్టం వదలకుండానే ఓటు. లక్షల్లో ఇరవై వేలు! సెటిలర్ మేయర్లు మూకుమ్మడి రాజీనామాలకు దిగారు. బిల్లు పార్లమెంటులో ఓటింగు దాకా కూడా పోలేదు. ఫెర్హత్ అబ్బాస్ లాంటి మెతక మనిషి ఇరవై ఏళ్ల తర్వాత సాయుధ ఉద్యమంలో ఎందుకు చేరాడో ఇక్కడ చూడాలి.

1945 మే 8న సెటీఫ్‌లో ఏం జరిగింది?

జర్మనీ లొంగిపోయిన రోజది. యూరప్ అంతా పండగ. సెటీఫ్ ఊళ్లో సంతరోజు కూడా. విజయోత్సవ ఊరేగింపులో అల్జీరియన్లు తమ జెండా పట్టుకుని నడిచారు. జెండా దించమని పోలీసులు అడ్డుపడ్డారు, కాల్పులు జరిగాయి. జెండా పట్టుకున్న బూజీద్ సాల్ అనే కుర్రాడు నేలకొరిగాడు. కోపంతో ఊగిపోయిన జనం సెటీఫ్, ఖెర్రాటా, గెల్మా చుట్టుపక్కల వందమందికి పైగా యూరోపియన్లను చంపారు.

ప్రతీకారం వారాల తరబడి సాగింది. విమానాలతో పల్లెల మీద బాంబులు వేశారు, సముద్రం నుంచి యుద్ధనౌకలు కాల్చాయి, గెల్మాలో సెటిలర్లే సాయుధ దళాలుగా ఏర్పడి కనపడ్డవాణ్ణల్లా కాల్చారు. చనిపోయినవాళ్లు వెయ్యి పైచిలుకు అని ఆనాటి ఫ్రెంచి ప్రభుత్వం, 45 వేలు అని అల్జీరియా చెబుతాయి. చరిత్రకారుల లెక్కలు ఈ రెంటి మధ్య, వేలల్లో ఉంటాయి. ఫ్రాన్స్ విముక్తి కోసం పోరాడి ఇంటికొచ్చిన అల్జీరియన్ సైనికులకు ఊళ్లో కనిపించింది ఈ శవాలే.

ఆ తర్వాతైనా ఓటు హక్కు ఇచ్చి ఉంటే యుద్ధం తప్పేదా?

ఇచ్చామన్నారు, ఎలా ఇచ్చారో చూడండి. 1947 చట్టంతో 120 మంది సభ్యుల అల్జీరియా అసెంబ్లీ పెట్టారు. దాదాపు 10 లక్షలమంది యూరోపియన్లకూ, వాళ్లతో కలిపిన కొద్దిమంది ముస్లింలకూ 60 సీట్లు. 80 లక్షలకు దగ్గరగా ఉన్న మిగతా ముస్లింలందరికీ 60 సీట్లు. ఒక సెటిలర్ ఓటు ఎనిమిదిమంది ఓట్లకు సమానం అన్నమాట. అదీ చాలలేదు. 1948 ఎన్నికల్లో జాతీయవాద అభ్యర్థుల్ని అరెస్టు చేశారు, బ్యాలెట్ పెట్టెలు నింపేశారు. పిల్లల్ని నేనెప్పుడూ అడుగుతాను: ఆ ఏడాది ఓటు వేయడానికి క్యూలో నిలబడ్డ పాతికేళ్ల కుర్రాడివి నువ్వయితే, మళ్లీ క్యూలో నిలబడతావా?

## యుద్ధం: 1954 నుంచి 1962

యుద్ధం ఎప్పుడు, ఎలా మొదలైంది? యానాంకి దీనికి సంబంధం ఉందంటారు, నిజమేనా?

1954 నవంబర్ 1 తెల్లవారుజామున ముప్పై చోట్ల దాదాపు డెబ్భై దాడులు జరిగాయి. చేసింది ఎఫ్.ఎల్.ఎన్., అంటే జాతీయ విమోచన ఫ్రంట్. వెనక ఆరుగురు: బెన్ బూలాయిద్, బెన్ మ్హీదీ, బూదియాఫ్, బితాత్, దిదూష్ మురాద్, క్రీమ్ బెల్కాసెమ్. ఆయుధాలు పాతవి, మనుషులు వందల్లోనే. ఆ ఏడాది మేలో వియత్నాంలోని దియన్ బియన్ ఫూలో ఫ్రాన్స్ ఓడిపోయింది. ఓడించొచ్చన్న ధైర్యం అక్కడినుంచి వచ్చింది.

యానాం సంబంధం తేదీది. పాండిచ్చేరి, కారైకాల్, మాహేతో పాటు యానాం పాలన భారత్ చేతికి వచ్చింది సరిగ్గా అదే 1954 నవంబర్ 1న. చట్టబద్ధమైన బదిలీ మాత్రం 1962 ఆగస్టు 16న, అంటే అల్జీరియా స్వతంత్రమైన నెలన్నరకు జరిగింది. యానాంలో ఫ్రెంచివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. సంతకాలతో పని అయిపోయింది. అల్జీరియాలో పదిలక్షల మంది.

పక్కనే ఉన్న ట్యునీషియా, మొరాకోలను 1956లోనే వదిలేశారు కదా, దీన్ని ఎందుకు వదల్లేదు?

ఆ రెండూ రక్షిత రాజ్యాలు. పేరుకైనా సొంత పాలకులున్నారు, సెటిలర్లు తక్కువ. అల్జీరియా చట్టం ప్రకారం ఫ్రాన్స్ నేల. అక్కడి సెటిలర్లకు పారిస్ పార్లమెంటులో ప్రతినిధులున్నారు. 1956 ఫిబ్రవరి 6న కొత్త ప్రధాని గీ మొలే శాంతి మాటలతో అల్జీర్స్ వస్తే, సెటిలర్ల గుంపు ఆయన మీద టమాటాలు విసిరింది. మెతక మనిషి అనుకున్న జనరల్ కత్రూను మంత్రిగా పెట్టాలన్న ఆలోచన ఆ సాయంత్రానికే పోయింది. నెల తర్వాత సైన్యానికి ప్రత్యేక అధికారాలు, లక్షల్లో కొత్త సైనికులు. అదే ఏడాది సహారాలో హాసీ మెసూద్ దగ్గర చమురు కూడా బయటపడింది.

అల్జీర్స్ పోరు అంటే ఏంటి? చిత్రహింసలు నిజంగా జరిగాయా?

జరిగాయి, పద్ధతి ప్రకారం జరిగాయి. 1957 జనవరిలో జనరల్ మస్సూ పారాట్రూపర్లకు నగరం అప్పగించారు. కాస్బా అనే పాతబస్తీ ఇరుకు సందుల్లో ఎఫ్.ఎల్.ఎన్. బాంబుల దళం ఉండేది. జమీలా బూహీరెద్, జొహ్రా ద్రిఫ్ లాంటి చదువుకున్న అమ్మాయిలు యూరోపియన్ దుస్తులేసుకుని చెక్‌పోస్టులు దాటేవాళ్లు. సైన్యం ఇల్లిల్లూ గాలించి వేలమందిని ఎత్తుకుపోయింది. కరెంటు షాకులు, నీళ్లలో ముంచడం. ఎంతోమంది తిరిగి రాలేదు. పట్టుబడ్డ ఎఫ్.ఎల్.ఎన్. నాయకుడు బెన్ మ్హీదీ సెల్లో ఉరేసుకున్నాడని మార్చిలో ప్రకటించారు. అతన్ని ఫ్రెంచి సైనికులే చంపారని ఫ్రాన్స్ అధ్యక్షుడు ఒప్పుకున్నది 2024లో. పల్లెల్లో ఇరవై లక్షలకు పైగా జనాన్ని ఊళ్లు ఖాళీ చేయించి ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టారు. దీని గురించి పుస్తకాలు తక్కువ మాట్లాడతాయి.

ఎఫ్.ఎల్.ఎన్. కూడా సామాన్యుల్ని చంపింది కదా?

చంపింది. దాచాల్సిన పని లేదు. 1955 ఆగస్టు 20న ఫిలిప్‌విల్ ప్రాంతంలో ఆడవాళ్లు, పిల్లలతో సహా 71 మంది యూరోపియన్లను చంపారు, ప్రతీకారంలో వేలమంది ముస్లింలు పోయారు. కాఫీ హోటళ్లలో బాంబులు పెట్టారు. మెస్సాలీ వర్గంవాళ్లను, అనుమానితులను, చివరికి సొంత నాయకుడు అబాన్ రమ్దాన్‌ని కూడా చంపారు. పోరాటం న్యాయమైనదని నేను నమ్ముతాను. ఈ చావుల్ని కూడా అదే పాఠంలో చెబుతాను.

సెటిలర్లలో ఒక్కరైనా అల్జీరియన్ల పక్షాన నిలబడలేదా?

నిలబడ్డారు, కొద్దిమందే. ఫెర్నాన్ ఇవ్‌తన్ అనే కార్మికుడు తాను పనిచేసే గ్యాస్ ఫ్యాక్టరీలో బాంబు పెట్టాడు. కార్మికులు వెళ్లిపోయాక పేలేలా టైము పెట్టాడు. ముందే దొరికింది, ఎవరికీ గీత కూడా పడలేదు. అయినా 1957 ఫిబ్రవరి 11న గిలెటిన్‌తో తల తీశారు. అల్జీర్స్ యూనివర్సిటీలో లెక్కలు చెప్పే యువ కమ్యూనిస్టు మొరీస్ ఒదాన్‌ని అదే ఏడాది జూన్‌లో సైనికులు ఇంటినుంచి పట్టుకెళ్లారు. శవం కూడా దొరకలేదు. అరవై ఏళ్ల తర్వాత, 2018లో, బాధ్యత మాదేనని ఫ్రాన్స్ ఒప్పుకుంది.

డిగాల్‌ని తెచ్చిందే సెటిలర్లు కదా, ఆయనే ఎందుకు వదిలేశాడు?

1958 మే 13న సెటిలర్లు, సైన్యం అల్జీర్స్‌లో తిరగబడి ప్రభుత్వాన్ని కూల్చినంత పనిచేశారు. ఆ ఊపులో, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి లొంగకుండా ఫ్రాన్స్ తరఫున పోరు నడిపిన జనరల్ డిగాల్ అధికారంలోకి వచ్చాడు. జూన్ 4న అల్జీర్స్‌లో ‘మీ మాట అర్థమైంది’ అన్నాడు. తమ మాటే అర్థమైందని సెటిలర్లు అనుకున్నారు. కానీ యుద్ధం ఖజానాని, సైన్యాన్ని, దేశం పరువుని తినేస్తోందని ఆయనకు త్వరగానే తెలిసింది. 1959 సెప్టెంబర్ 16న స్వయంనిర్ణయం అన్న మాట పలికాడు. 1960 డిసెంబర్‌లో అల్జీరియన్ పేటల నుంచి జనం జెండాలతో వేలల్లో బయటికొచ్చాక, వాళ్లు ఎవరివైపో ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు. మోసపోయామని నలుగురు జనరళ్లు 1961 ఏప్రిల్‌లో తిరుగుబాటు చేశారు. బలవంతపు సర్వీసులో ఉన్న మామూలు సిపాయిలు ట్రాన్సిస్టర్‌లో డిగాల్ ప్రసంగం విని వాళ్ల మాట వినలేదు. నాలుగైదు రోజుల్లో అది చప్పబడింది.

## 1962, ఆ తర్వాత

ఎవియన్ ఒప్పందంలో సెటిలర్లకు రక్షణ ఇచ్చారు కదా, మరి అందరూ ఎందుకు వెళ్లిపోయారు?

యుద్ధం ఆపడానికి ఫ్రాన్స్, ఎఫ్.ఎల్.ఎన్. కుదుర్చుకున్న ఈ 1962 మార్చి 18 ఒప్పందం ప్రకారం సెటిలర్లు మూడేళ్లపాటు రెండువైపులా హక్కులతో ఉండి, ఏ పౌరసత్వం కావాలో తేల్చుకోవచ్చు. కాగితం మీద ఇంతకంటే మంచి అవకాశం ఉండదు. దాన్ని మొదట చింపింది ఓ.ఏ.ఎస్. అనే సెటిలర్ల రహస్య సైన్యం. రోడ్డు మీద పోయే ముస్లింల్ని కాల్చారు. ఒప్పందానికి మూడు రోజుల ముందే, మార్చి 15న, పాఠశాల విద్యతో సంబంధమున్న ఆరుగురు అధికారుల్ని గోడకు నిలబెట్టి చంపారు. జూన్ 7న అల్జీర్స్ యూనివర్సిటీ గ్రంథాలయం తగలబెట్టారు. మార్చి 26న ఇస్లీ వీధిలో ఊరేగింపు చేస్తున్న సెటిలర్ల మీద ఫ్రెంచి సైన్యమే కాల్చింది. పదుల్లో చనిపోయారు. జులై 5న ఒరాన్‌లో యూరోపియన్లు వందల్లో హతమయ్యారు. ఇక ఎవరుంటారు?

‘సూట్‌కేసా, శవపేటికా’ అన్న మాట అప్పుడు అందరి నోటా వినిపించింది. ఆ ఒక్క ఏడాదే ఆరేడు లక్షలమంది చేతికందిన సామాను పట్టుకుని ఓడలెక్కారు. మార్సే రేవులో దిగినవాళ్లలో చాలామంది ఫ్రాన్స్‌ని చూడటం అదే మొదటిసారి.

హార్కీలు ఎవరు?

ఫ్రెంచి సైన్యం వెంట సాయుధులుగా పనిచేసిన అల్జీరియన్ ముస్లింలు. కొందరు ఆకలికి, కొందరు ఎఫ్.ఎల్.ఎన్. మీద పగతో, కొందరు బలవంతంగా చేరారు. కాల్పుల విరమణ కాగానే ఫ్రాన్స్ వాళ్ల ఆయుధాలు తీసేసుకుని, కుటుంబాలతో సహా వదిలేసింది. వేలమందిని చంపారు. ఎలాగో ఫ్రాన్స్ చేరినవాళ్లను రివ్‌సాల్త్ లాంటి ముళ్లకంచెల శిబిరాల్లో ఉంచారు. 2021లో ఫ్రాన్స్ అధ్యక్షుడు వాళ్లను క్షమాపణ అడిగాడు.

మొత్తం ఎంతమంది చనిపోయారు? ఒక్కో పుస్తకంలో ఒక్కో అంకె ఉంది.

అల్జీరియా అధికారిక మాట 15 లక్షల అమరులు. చాలామంది చరిత్రకారుల అంచనా రెండున్నర నుంచి నాలుగు లక్షల అల్జీరియన్లు. ఫ్రెంచి సైనికులు సుమారు 25 వేలు. పరీక్షలో రెండు అంకెలూ, అవి ఎవరివో చెప్పి రాయండి.

స్వాతంత్ర్య దినం జులై 5 ఎందుకు?

1962 జులై 1న రెఫరెండంలో 99 శాతానికి పైగా స్వాతంత్ర్యానికి ఓటేశారు. జులై 3న ఫ్రాన్స్ గుర్తించింది. పండగ మాత్రం జులై 5న పెట్టుకున్నారు, 1830లో అల్జీర్స్ లొంగిపోయిన తేదీ కాబట్టి.

ఇప్పటికీ రెండు దేశాల మధ్య ఈ గొడవ తీరలేదా?

లేదు. ‘యుద్ధం’ అన్న మాటను ఫ్రాన్స్ చట్టంలో ఒప్పుకున్నదే 1999లో, అప్పటిదాకా ‘శాంతిభద్రతల చర్యలు’ అన్నారు. 1961 అక్టోబర్ 17న పారిస్‌లో పోలీసులు ఎంతమంది అల్జీరియన్ల శవాల్ని సెన్ నదిలో పడేశారో లెక్క ఇంకా తేలలేదు. 1960 నుంచి 1966 దాకా సహారాలో చేసిన 17 అణుపరీక్షల చోట్ల రేడియో ధార్మికత మీద ఇంకా వాదన నడుస్తోంది.

2020 జులైలో 24 పుర్రెలు అల్జీర్స్‌కి తిరిగొచ్చాయి. 1840లు, 50లలో ఆక్రమణను ఎదిరించి, తలలు నరికించుకున్న తిరుగుబాటుదారులవని అప్పుడు ప్రకటించారు. దశాబ్దాల తరబడి పారిస్ మ్యూజియంలో అట్టపెట్టెల్లో, నంబర్లతో ఉన్నాయి. జెండా కప్పిన పేటికల్లో విమానం నుంచి దింపి, జులై 5న, స్వాతంత్ర్య దినం రోజున, అల్జీర్స్‌లోని ఎల్ అలియా శ్మశానంలో ఖననం చేశారు.